గలిలయ ఒడ్డున, ఆ పన్నెండుమంది జాడల్లో

మొదటి రోజు: తిబెరియ

నజరేతు కొండలు దాటిన బస్సు తూర్పు వైపు పల్లంలోకి దిగుతుండగా, సముద్ర మట్టాన్ని సూచించే పలక రోడ్డు పక్కన కనిపించింది. అది దాటాక కూడా చాలాసేపు దిగుతూనే ఉన్నాం. గలిలయ సముద్రమని బైబిల్లో చదువుకునేది నిజానికి సముద్ర మట్టానికి సుమారు 210 మీటర్ల దిగువన ఉన్న మంచినీటి సరస్సు. దాని పొడవు 21 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కువలో ఎక్కువ 13 కిలోమీటర్లు. మా బృందంలో కొందరు ఇంతేనా అన్నట్టు చూశారు. సువార్తల్లోని శిష్యుల పిలుపులో ఎక్కువ భాగం ఈ చిన్న సరస్సు వాయవ్యపు ఒడ్డున, ఒక పూట నడకలో చుట్టి రాగల మేరలోనే జరిగింది.

మేము బస చేసిన తిబెరియ పట్టణాన్ని గలిలయను ఏలిన హేరోదు అంతిప క్రీ.శ. 20 ప్రాంతంలో కట్టించి రోమా చక్రవర్తి తిబెరి కైసరు పేరు పెట్టాడు. యేసు పరిచర్య మొదలయ్యేనాటికి అది కొత్త రాజధాని. రాజు కొలువూ, అధికారులూ, లెక్కలు రాసేవారూ అక్కడే ఉండేవారు. చదువూ పలుకుబడీ ఉన్న మనుషులు కావాలనుకునే బోధకుడు ముందుగా వెతకవలసిన చోటు అదే. అయినా యేసు ఆ ఊళ్లో అడుగుపెట్టినట్టు నాలుగు సువార్తల్లో ఎక్కడా లేదు. యోహాను మాత్రం అక్కడి నుంచి వచ్చిన చిన్న దోనెలను ప్రస్తావించి ఊరుకున్నాడు.

మా బృందంలో ఎక్కువమంది బాపట్ల, చీరాల, ఒంగోలు వైపు సంఘాలవారు. రాత్రి భోజనాలయ్యాక పాస్టరుగారు మర్నాటి కార్యక్రమం వివరిస్తూ, దేవుడు పేదలను, చదువులేనివారిని ఏర్పరచుకుంటాడనడానికి శిష్యులే సాక్ష్యమన్నారు. చిన్నప్పుడు సండే స్కూల్లో విన్నదీ ఆ మాటే. అందులో నిజం ఉంది గాని అది సగం నిజమేనని నాకు చాలాకాలంగా అనుమానం. పేదరికమే అర్హత అయితే ఆనాటి గలిలయలో అలాంటివారికి కొదవ లేదు. వారిలో వీరినే ఎందుకు పిలిచాడు, పన్నెండుమందినే ఎందుకు నియమించాడు, ఆ పన్నెండుమందిలో తరువాత తనను పట్టించిన ఇస్కరియోతు యూదాను ఎందుకు చేర్చాడు అన్న ప్రశ్నలకు ఆ జవాబు చాలదు.

రెండవ రోజు: మగ్దల, గినోసర్

తిబెరియకు ఉత్తరాన కొద్ది దూరంలోనే మగ్దల ఉంది. 2009లో యాత్రికుల విడిది కట్టడానికి ముందు జరిపిన తవ్వకంలో ఇక్కడ మొదటి శతాబ్దపు సమాజమందిరం బయటపడింది, 2021లో రెండోదాన్ని కూడా గుర్తించారు. యాత్రికులందరూ ఏడు కొమ్మల దీపస్తంభం చెక్కిన రాతి దగ్గరే గుమిగూడతారు గాని, నాకు ఆ పక్కనున్న నీటి తొట్లు ఎక్కువ ఆసక్తి కలిగించాయి. అవి చేపల పనికి వాడినవని తవ్వకందారుల అభిప్రాయం. మగ్దల ఉప్పుచేపకు పేరుపడిన ఊరు, ఆ ఊరి చేపను గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో కూడా మెచ్చుకున్నాడు. అంటే ఈ సరస్సులో వేట ఏ పూటకా పూట కడుపు నింపుకునే పని మాత్రమే కాదు. వల వేసేవాడి వెనక ఉప్పు, తొట్టి, బేరగాడు, సుంకం అన్నీ ఉన్న వ్యాపారమది.

మధ్యాహ్నం గినోసర్‌లోని పాత పడవను చూశాం. 1986లో వర్షాలు లేక సరస్సు బాగా తగ్గినప్పుడు, అన్నదమ్ములైన ఇద్దరు స్థానిక జాలరులకు బురదలో కనబడిన పడవ ఇది. సుమారు రెండు వేల ఏళ్ల నాటిదని తేల్చారు. 8 మీటర్లకు పైగా పొడవు, 2.3 మీటర్ల వెడల్పు ఉంటుంది. యేసు పడవ అని దానికి పెట్టిన పేరు దుకాణాలకు పనికొస్తుంది గాని, ఆయన అందులో ఎక్కాడనడానికి ఆధారమేమీ లేదు. ఆ కాలపు పడవ అన్నదే దాని విలువ. దగ్గరికి వెళ్లి వంగి చూస్తే అతుకుల మీద అతుకులు కనిపిస్తాయి. దేవదారు పలక పక్కన సింధూర కలప పక్కటెముక, దాని మీద మరేదో నాసిరకం చెక్క, మొత్తం మీద పన్నెండు రకాల కలప అని అక్కడ రాసి ఉంది. పనికొచ్చే చెక్క ఏ పాత పడవలో దొరికినా ఊడదీసి దీనికి వేశారన్నమాట.

మాతో వచ్చినవారిలో సూర్యలంక వైపు నుంచి ఒక పెద్దాయన ఉన్నారు. జీవితమంతా వేటకు వెళ్లినవారు కనుక అందరం బాబాయిగారని పిలిచేవాళ్లం. ఆయన పడవ చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చి నాతో ఇలా అన్నారు: “ఇది ఒక్కడు నడిపే పడవ కాదబ్బాయ్. తెడ్లకి నలుగురు, చుక్కానికి ఒకడు కావాలి. వాళ్లకి జీతమన్నా ఇవ్వాలి, వాటా అన్నా ఇవ్వాలి. పడవ మనదైతే మనం కూటికి లేనోళ్లం కాదు.”

మార్కు సువార్త మొదటి అధ్యాయం సరిగ్గా ఆ మాటే చెబుతుంది. యాకోబు, యోహానులు తండ్రి జెబెదయిని జీతగాండ్ర దగ్గర దోనెలో విడిచి యేసు వెంట వెళ్లారు. లూకా వారిని పేతురనే సీమోనుకు పాలివారన్నాడు. అతుకుల పడవే అయినా పడవ ఉన్నవారు, పనివారిని పెట్టుకున్నవారు, పొత్తు వ్యాపారం చేసినవారు వీరు. ధనవంతులు కారు, దిక్కులేనివారూ కారు. సమస్తాన్ని విడిచి నిన్ను వెంబడించామని తరువాత పేతురు అన్నాడంటే, విడవడానికి వారికి ఏదో ఒకటి ఉండబట్టే ఆ మాట అనగలిగాడు. మిక్కిలి ఆస్తిగలవాడైన మరొక మనిషిని కూడా యేసు తనను వెంబడించమనే పిలిచాడు, అతడు దుఃఖపడుతూ వెళ్లిపోయాడు. కనుక పిలుపు పేదలకు మాత్రమే పరిమితమైందని అనలేం.

మూడవ రోజు: తబ్గా, కపెర్నహూము

ఉదయం పడవ ఎక్కాం. సరస్సు నడుమ ఇంజను ఆపి, యాత్రికుల కోసం ఒక కుర్రవాడు గుండ్రటి వల విసిరి చూపించాడు. అది అంతగా విప్పుకోలేదు. బాబాయిగారు ఉండబట్టలేక, సైగలతోనే అడిగి వల తీసుకున్నారు. తాడు ఎడమ చేతికి చుట్టుకొని, వలలో కొంత మోచేతి మీద, కొంత భుజం మీద వేసుకొని, సీసపు గుళ్లున్న అంచును వేళ్ల మధ్య సర్దుకొని ఒక్కసారి నడుము తిప్పి విసిరేసరికి అది పళ్లెంలా విచ్చుకొని నీటి మీద పడింది. కుర్రవాడు చప్పట్లు కొట్టాడు. మనవైపు విసురు వల అనేది ఇదే. సీమోను, అంద్రెయ ఇలాంటి వల వేస్తుండగానే యేసు వారిని చూశాడు. జెబెదయి కుమారులు అప్పుడు దోనెలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు.

తబ్గా ఒడ్డున వెచ్చని ఊటలు సరస్సులో కలుస్తాయి. చలికాలంలో ఆ వెచ్చదనానికి చేపలు అక్కడికి చేరతాయి. మేము వెళ్లింది ఫిబ్రవరిలో కనుక నీటి అంచున చేపల కదలిక తెలుస్తూనే ఉంది. నల్లరాతితో 1933లో కట్టిన చిన్న గుడి అక్కడ ఉంది. పునరుత్థానం తరువాత యేసు పేతురును మళ్లీ పిలిచి గొర్రెలను అప్పగించిన చోటుగా దాన్ని చూపుతారు.

ఆ గుడి మెట్ల దగ్గర పాస్టరుగారు చేసిన ప్రసంగంలో, జాలరికి ఓర్పు ఎక్కువని, రాత్రంతా మేలుకోగలడని, గాలివానకు జంకడని, అందుకే ప్రభువు వారిని ఎంచుకున్నాడని అన్నారు. వినడానికి బాగుంది గాని సువార్తలు ఆ మాట చెప్పవు. పేతురు గాలిని చూసి భయపడి మునిగిపోబోయాడు. యాకోబు, యోహానులు తమను చేర్చుకోని సమరయ పల్లె మీద ఆకాశం నుంచి అగ్ని దిగాలన్నారు. గెత్సేమనేలో ఒక్క గడియ మేలుకొని ఉండడం ఆ రాత్రి వేటగాళ్లకే చేతకాలేదు. వారి గుణాలను చూసి ఎంచుకున్నాడని చెప్పదలచుకున్నవారికి సువార్తికులు ఏ పేజీలోనూ సాయపడరు.

కపెర్నహూములో మొదట కళ్లకు తగిలేది నలుపు తెలుపుల తేడా. ఇళ్లన్నీ స్థానికంగా దొరికే నల్లరాతి గోడలు. వాటి నడుమ క్రీ.శ. నాలుగో, అయిదో శతాబ్దాల నాటి సమాజమందిరం తెల్ల సున్నపురాతిలో నిలబడి ఉంది. ఆ తెల్లకట్టడం కింద ఇంకా పాతదైన నల్లరాతి పునాది కనిపిస్తుంది. సమాజమందిరానికి సరస్సుకు మధ్య పేతురు ఇల్లుగా భావించే చోటు ఉంది. మొదట మామూలు ఇల్లు, తరువాత విశ్వాసులు కూడుకున్న గది, అయిదో శతాబ్దంలో దాని మీద ఎనిమిది పలకల గుడి, ఇప్పుడు వాటన్నిటిమీద 1990లో ప్రతిష్ఠించిన కొత్త ఆలయం. దాని నేల మధ్యలో అద్దం వేసి కిందనున్న గోడలు కనబడేలా చేశారు. అక్కడి తవ్వకంలో గాలాలు కూడా దొరికాయి.

ఆ అద్దంలోంచి చూస్తున్నప్పుడు నాకు తోచింది, ఇది అత్తగారు కూడా ఉన్న సంసారపు ఇల్లు. జ్వరంతో పడుకున్న పేతురు అత్తను యేసు స్వస్థపరచింది ఈ ఊళ్లోనే. తరువాతి కాలంలో పేతురు భార్యను వెంటబెట్టుకొని తిరిగేవాడని పౌలు కొరింథీయులకు రాసిన పత్రికను బట్టి తెలుస్తుంది. బంధాలు లేని సన్యాసులను ఏరుకోలేదు ఆయన.

ఆవరణలో హద్రియాను చక్రవర్తి కాలపు మైలురాయి ముక్క ఒకటి ఉంది. ఊరి పక్కగా బాట పోయేదనడానికి అది గుర్తు. తూర్పున కొద్ది కిలోమీటర్లలో యొర్దాను సరస్సులో కలిసే చోటు, అది దాటితే అంతిప సోదరుడు ఫిలిప్పు ఏలిన ప్రాంతం. సరిహద్దు దగ్గరి ఊరు కనుకనే ఇక్కడ సుంకపు మెట్టు ఉంది, ఆ మెట్టు దగ్గర కూర్చున్న మత్తయిని యేసు లెమ్మన్నాడు. మత్తయిది రాతపని, లెక్కలపని. విద్యలేని పామరులన్న మాట అతనికి వర్తించదు. ఊరివాళ్లు అసహ్యించుకునే ఉద్యోగం అతనిది. సరస్సు మీద బతికేవారి కష్టంలోంచి వాటా తీసుకునే వర్గపు మనిషిని తెచ్చి అదే సరస్సు మీద బతికేవారి పక్కన కూర్చోబెట్టినప్పుడు ఆ పంక్తి భోజనం ఎలా సాగిందో సువార్తికులు రాయలేదు. పరిసయ్యుల సణుగుడు మాత్రం రాశారు. దానికి యేసు ఇచ్చిన జవాబు రోగులకే గాని ఆరోగ్యవంతులకు వైద్యుడు అక్కరలేదని.

ఆ కాలపు యూదుల్లో నీకొక గురువును చూసుకో అన్న పెద్దల మాట ఉంది. శిష్యుడే గురువును వెతుక్కోవడం వాడుక. ఇక్కడ గురువే వలల దగ్గరికి, సుంకపు మెట్టు దగ్గరికి నడిచి వెళ్లాడు. పాత నిబంధనలో దీనికి దగ్గరగా కనబడేది పొలం దున్నుతున్న ఎలీషా మీద ఏలీయా తన దుప్పటి వేసిన ఘట్టం. అయితే ఎలీషా తలిదండ్రులను ముద్దుపెట్టుకొని వస్తానని అడిగి వెళ్లగలిగాడు. యేసు పిలుపులో ఆ పాటి వ్యవధి కూడా కనబడదు.

నాలుగవ రోజు: కొరాజీను, బేత్సయిదా

కొరాజీను శిథిలాలను వానలోనే చూసి బయటపడ్డాం. బేత్సయిదా ఎక్కడన్నదే ఇంకా తేలలేదు. నీటికి దూరంగా మిట్ట మీదున్న ఎత్-తెల్ అని కొందరు, ఒడ్డునున్న ఎల్-అరాజ్ అని కొందరు పురావస్తు పరిశోధకులు వాదించుకుంటున్నారు. పేతురు, అంద్రెయ, ఫిలిప్పుల సొంత ఊరు బేత్సయిదా అని యోహాను రాశాడు. ఎక్కువ అద్భుతాలు చూసి కూడా మారుమనస్సు పొందలేదని యేసు గద్దించిన ఊళ్లలో అదీ ఒకటి. ఒకే ఊరి నుంచి ముగ్గురు వెంట నడిచారు, ఊరు మాత్రం కదలలేదు.

యోహాను చెప్పిన వరుస చూస్తే, ఒడ్డున పిలుపుకు ముందే పరిచయం ఉంది. అంద్రెయ అప్పటికే బాప్తిస్మమిచ్చు యోహాను శిష్యుడు. యొర్దాను దగ్గర యేసుతో ఒక దినం గడిపి, తిరిగి వెళ్లి మొదట తన సోదరుడు సీమోనును తీసుకొచ్చాడు. ఫిలిప్పు వెళ్లి నతనయేలును పట్టుకున్నాడు. నజరేతులో నుంచి మంచిదేదైనా రాగలదా అని నతనయేలు ఎగతాళి చేస్తే, వచ్చి చూడమన్నాడు. వారిలో ముందు నుంచి ఒక వెదుకులాట ఉంది, అది సోదరుడి నుంచి సోదరుడికి, స్నేహితుడి నుంచి స్నేహితుడికి పాకింది. ఒంగోలు వైపువారికి ఇది కొత్త కాదు. 1866లో బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య తన చుట్టాల పల్లెలకే ముందు వెళ్లాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందే స్థితి వచ్చిందంటే, దాని వెనక కరవు కాలపు సహాయం ఎంత ఉందో ఆ చుట్టరికాల దారీ అంత ఉంది.

అయిదవ రోజు: అర్బేలు

ధన్యతల కొండ మీది గుడిలో ఆరాధన ముగించుకొని అర్బేలు కొండ ఎక్కాం. సరస్సు మట్టం నుంచి 390 మీటర్ల ఎత్తున ఉన్న ఈ కొండ అంచు నిట్టనిలువుగా తెగి ఉంటుంది. కింద మగ్దల, కుడి వైపున తిబెరియ, ఎడమన గినోసర్ మైదానం, దూరంగా కపెర్నహూము ఒకే చూపులో ఇమిడిపోతాయి. యేసు కొండెక్కి పన్నెండుమందిని నియమించాడని మార్కు, లూకా రాశారు గాని ఏ కొండో చెప్పలేదు. ఇదేనని నేనూ అనను, కాని ఆ భాగాన్ని చదువుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

లూకా ప్రకారం ఆయన రాత్రంతా ప్రార్థనలో గడిపి, తెల్లవారాక శిష్యులందరిలో నుంచి పన్నెండుమందిని ఏర్పరచుకున్నాడు. మార్కు మూడవ అధ్యాయం కారణాలను వరుసగా చెప్పింది. తనతో కూడ ఉండడానికి, సువార్త ప్రకటించడానికి పంపబడడానికి, దయ్యాలను వెళ్లగొట్టే అధికారం కలిగి ఉండడానికి. మన ప్రసంగాలన్నీ రెండో, మూడో కారణాల చుట్టూ తిరుగుతాయి, మొదటిది పట్టనట్టే ఉంటాం. పంపడానికి ముందు దగ్గర ఉంచుకున్నాడు. ఆయన నడిచిన దారిలో నడిచి, తిన్నచోట తిని, ఒంటరిగా ఉన్నప్పుడు ఆయన మాట్లాడిన తీరు చూసి, తరువాత మేము చూశామని చెప్పగల మనుషులు కావాలి. ఈ కొండ మీద నుంచి చూస్తే అది సాధ్యమైన తీరు తెలుస్తుంది. ఊరికీ ఊరికీ మధ్య గంటో రెండు గంటలో నడక, ఆ నడకంతా కలిసే.

పన్నెండన్న లెక్కకు కారణాన్ని మత్తయి సువార్తలో యేసే చెప్పాడు: ఇశ్రాయేలు పన్నెండు గోత్రాలకు తీర్పు తీర్చే పన్నెండు సింహాసనాలు. పది గోత్రాలు అష్షూరు దాడిలో చెదిరిపోయి అప్పటికి ఏడు వందల ఏళ్లు దాటింది. పన్నెండుమందిని పేరుపేరునా నిలబెట్టడమంటే చెదిరిన జనాన్ని దేవుడు తిరిగి సమకూరుస్తున్నాడని మాట లేకుండా ప్రకటించడమే. తననొకడిగా లెక్కవేసుకొని పదకొండుమందిని పిలవలేదన్నది కూడా గమనించాలి.

బృందంలోని ఒక అక్కగారు కింద మగ్దలను చూపిస్తూ, మరి మరియ సంగతేమిటండీ, ఆవిడా ఆయనతోనే ఉంది కదా అన్నారు. ఉంది. మగ్దలేనే మరియ, సూసన్న, హేరోదు గృహనిర్వాహకుడు కూజా భార్య యోహన్న ఆయనతో ఊరూరా తిరిగి తమ ఆస్తితో ఉపచారం చేశారని లూకా రాశాడు. తిబెరియ కొలువుతో సంబంధమున్న ఇంటి నుంచి వచ్చింది ఒక స్త్రీ అన్నమాట. గోత్రకర్తలైన పన్నెండుమంది కుమారులకు గుర్తుగా నిలిచిన పట్టికలో స్త్రీల పేర్లు లేవు గాని, శిష్యులు పారిపోయిన వేళ సిలువ దగ్గరా సమాధి దగ్గరా నిలిచి చూసింది వారే. తనతో ఉండడమన్న మొదటి కారణానికి వారిలో తక్కువేమీ కనబడదు.

కొండ చరియలోని గుహల్లో దాగిన తిరుగుబాటుదారుల మీదికి అంతిప తండ్రి మహా హేరోదు తన సైనికులను పెట్టెల్లో కూర్చోబెట్టి తాళ్లతో దించాడని మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. ఆ జ్ఞాపకం చెరగని నేల మీద, జెలోతే అన్న పేరున్న సీమోనునూ సుంకరి మత్తయినీ ఒకే పట్టికలో చేర్చాడు యేసు. ఆ పేరుతో పార్టీ ఏర్పడింది తరువాత రోము మీద యూదులు తిరగబడిన యుద్ధకాలంలోనేనని పండితులంటారు. అయినా ధర్మశాస్త్రం కోసం రోషం పట్టిన మనిషికీ, పాలకుల సుంకం వసూలు చేసిన మనిషికీ కలిసి నడవడానికి మధ్యలో ఆయన తప్ప వేరే కారణం కనబడదు.

యూదా విషయంలో మాత్రం నా దగ్గర తేలికైన జవాబు లేదు. మీలో ఒకడు సాతాను అని ముందే అన్నట్టు యోహాను రాశాడు, అయినా డబ్బు సంచి అతని చేతిలోనే ఉంది, కడవరి భోజనంలో ముక్క అతనికే అందింది. మిగతావారితో పాటు అతనూ అన్ని ఊళ్లు నడిచాడు. దగ్గర ఉంచుకున్నంత మాత్రాన మనిషి మారి తీరతాడన్న హామీ ఆ ఏర్పాటులో లేదు.

చివరి రోజు: యెరూషలేము

యొర్దాను లోయ వెంబడి యెరికో మీదుగా వచ్చి, సీయోను కొండ మీద, కడవరి భోజనం జరిగిందని చెప్పే మేడగది చూశాం. ఇప్పుడున్న హాలు మధ్యయుగపు కమానుల కట్టడం, తరువాత మసీదుగా మార్చినప్పటి గుర్తులూ గోడలో ఉన్నాయి. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలో, సుమారు 120 మంది కూడుకున్నచోట పేతురు లేచి యూదా స్థానాన్ని నింపాలన్నాడు. అతడు పెట్టిన అర్హత ఒక్కటే: యోహాను బాప్తిస్మం మొదలుకొని ప్రభువు పరమునకు చేర్చుకొనబడిన దినం వరకు మాతో కలిసి ఉన్నవాడై ఉండాలి, పునరుత్థానానికి సాక్షి కావాలి. వాక్చాతుర్యం అడగలేదు, వంశం అడగలేదు. అర్హులుగా నిలిచిన ఇద్దరిలో చీటి మత్తీయకు పడింది. నాలుగో అధ్యాయంలో యూదుల మహాసభవారు పేతురు, యోహానులను విద్యలేని పామరులని గ్రహించి ఆశ్చర్యపడిన చోటనే, వీరు యేసుతో కూడ ఉండినవారని గుర్తుపట్టారు. పాస్టరుగారి మాటలోని సగం, అది విడిచిపెట్టిన సగం ఒకే వచనంలో ఉన్నాయి.

సాయంత్రం ప్రార్థన వేళకు అర్మేనియా పేటలోని పరిశుద్ధ యాకోబు ఆలయానికి వెళ్లాం. జెబెదయి కుమారుడైన యాకోబు శిరస్సును అక్కడ సమాధి చేశారని వారి సంప్రదాయం. కుడి ఎడమల కూర్చునే స్థానాలు తమ కుమారులకు కావాలని తల్లి అడిగినప్పుడు, నేను త్రాగబోయే గిన్నెలోది త్రాగగలరా అన్న ప్రశ్నకు త్రాగగలమన్నవారిలో ఇతనొకడు. క్రీ.శ. 44కు కొంచెం అటూ ఇటూగా హేరోదు అగ్రిప్ప అతన్ని కత్తితో చంపించాడు. పన్నెండుమందిలో హతసాక్షిగా మొదట మరణించింది అతనే. యూదా పోయినప్పుడు వెంటనే మరొకరిని ఎన్నుకున్న సంఘం, యాకోబు స్థానంలో ఎవరినీ నియమించినట్టు లేదు. బాబాయిగారు ఎందుకని అడిగితే పాస్టరుగారు కాసేపు ఆలోచించి, “యూదా స్థానం ఖాళీ అయ్యింది బాబాయిగారూ, యాకోబుది కాలేదు” అన్నారు. గలిలయలో మొదటి రాత్రి ఆయన చెప్పిన జవాబు కంటే నాకు ఇదే ఎక్కువ నచ్చింది.